బావకి ఓపీ సరిపోతుందా, అడ్మిట్ చేయాలా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు చెప్పండి

చీపురుపల్లి తమ్ముడు:
నమస్కారం. మా బావకి 41 ఏళ్ళు, తాపీ పని. పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికి తాపీ పట్టలేడు. అక్క ఏడ్చి మొత్తుకుంటే పోయిన సోమవారం విజయనగరంలో ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న డీ-అడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు గారు పది నిమిషాలు మాట్లాడి, వారానికి మాత్రలు రాసి, ప్రతి గురువారం కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. అడ్మిషన్ అక్కర్లేదన్నారు. మా మావయ్య మాత్రం "ఓపీ చీటీతో తాగుడు మానినోణ్ణి నేనింతవరకు చూళ్ళేదు, విశాఖ దగ్గర ప్రైవేటు సెంటర్లో మూడు నెలలు పడేద్దాం, నలభై అయిదు వేలు నేను సర్దుతాను" అంటున్నాడు. అక్క ఇద్దరికీ తలూపుతోంది. ఈ గొడవ తేలక మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. ఏం చెయ్యమంటారు?

నెల్లిమర్ల:
మీ మావయ్య మాటే నాదీ. మా తమ్ముణ్ణి మూడుసార్లు ఓపీకి తిప్పాను. మూడోసారి డాక్టరు గారు చాలా బాగా చెప్పారు, వాడూ బుద్ధిగా విన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర "టీ తాగొస్తా" అని వెళ్ళి ఇరవై నిమిషాలకి వచ్చాడు. జేబులో 99 రూపాయల క్వార్టర్, దానికి చుట్టి ఓపీ చీటీ! వీధి చివర బెల్టు షాపు ఉంటే, మనిషిని ఇంట్లో ఉంచి మాన్పించడం పాలకి పిల్లిని కాపలా పెట్టడమే. ముందు మందు దొరకని చోట ఉంచాలి. మాటలు తర్వాత.

ఆరేళ్ళుగా చుక్క లేదు:
అన్నా, ఆ "మందు దొరకని చోట" నేను 90 రోజులున్నాను. ఒక హాలు, పద్నాలుగు మంది, బయట తాళం. డాక్టరు నెలకోసారి వచ్చి గుమ్మంలోనే నిలబడి "అందరూ బాగున్నారా" అని వెళ్ళిపోయేవారు. అన్ని రోజులూ నేను ఆలోచించింది ఒక్కటే, బయటికెళ్ళాక మొదటి పెగ్గు ఎక్కడ వెయ్యాలా అని. 91వ రోజు వేశాను.

తర్వాత మానింది ఓపీలోనే. మొదటి రోజు కౌన్సెలర్ మేడమ్ నీతులేం చెప్పలేదు. "పని నుంచి ఇంటికి ఏ దారిన వెళ్తావు?" అని అడిగి, ఓపీ చీటీ తిరగేసి బొమ్మ గీయమన్నారు. రైలు గేటు, గుడి, మా వీధి గీశాను. "షాపులు కూడా పెట్టు" అన్నారు. మూడు పెట్టాను. శనివారం బట్వాడా డబ్బు జేబులో పెట్టుకుని మూడు షాపులు దాటాలా అని ఆవిడ నవ్వితే నాకూ నవ్వొచ్చింది. ఆ వారం నుంచి కూలి మా ఆవిడే వచ్చి మేస్త్రి దగ్గర తీసుకునేది. నేను చెరువు గట్టు మీంచి ఇంటికి. అందరూ చూస్తుంటే సిగ్గు చచ్చిపోయేది. తాళం వేసిన హాల్లో ఈ దారి సంగతి ఎవరూ అడగలేదు.

మధ్యలో రెండుసార్లు జారాను. రెండుసార్లూ మర్నాడే ఓపీకి వెళ్ళి చెప్పాను. తిట్టలేదు.

నెల్లిమర్ల:
మీకు మానాలని ఉంది, మానారు. మావాడికి లేదే! అలాంటోళ్ళ కోసం సెంటర్ వాళ్ళే బండి పంపుతారు. తెల్లారుజామున నలుగురొచ్చి తీసుకెళ్తారు, ఇంట్లోవాళ్ళకి టెన్షన్ ఉండదు.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, దాన్ని ఎత్తుకెళ్ళడం అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చుకునే దారి అందులో ఉంది, కానీ దానికి షరతులున్నాయి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు అయ్యుండాలి. మొదట 30 రోజులు మించకూడదు. గొలుసులు వెయ్యడం పూర్తిగా నిషేధం. నలభై అయిదు వేలు కట్టేముందు ఆ సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, చాలు.

ఇంకో సంగతి. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. అడ్మిట్ అయ్యి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. అందరికీ మంచం కావాలంటే ఎక్కడ తెస్తాం? వారం వారం వెళ్ళొచ్చే ఓపీయే మనలాంటోళ్ళకి దిక్కు. ఇప్పుడు ఆడవాళ్ళకి పల్లెవెలుగులో టికెట్ కూడా లేదు. మీ అక్క తోడు వెళ్తే బావ టికెట్ డబ్బులే.

రాజాం కోడలు:
మా ఇంట్లో ఓపీ లేదు, అడ్మిషన్ లేదు. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి పప్పులో కలిపేదాన్ని. ఎవరినీ తిట్టుకోను, అప్పుడు నాకు తోచింది అదే. పది రోజులు బాగానే ఉంది. తర్వాత పెళ్ళిలో రెండు పెగ్గులేశారు. మొహం ఎర్రగా కంది, గుండె దడ, వాంతులు. భోజనాల బల్ల పక్కనే పడిపోయారు. ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నారు, ఏం తాగారు అని అడుగుతుంటే గంటసేపు నోరు విప్పలేకపోయాను. నేనే చంపేశాననుకున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ నేను కలిపిన అన్నం తినరు, వడ్డిస్తే గిన్నె వైపు చూస్తారు.

నెల్లిమర్ల:
అక్కా, మీరు చేసింది తప్పని నేననను. చెప్పి ఇస్తే మింగే రకమైతే ఈ బాధంతా ఎందుకు?

బొబ్బిలి సిస్టర్:
తప్పే, తమ్ముడూ. రాజాం అక్కని అనడం లేదు, చీటీ లేకుండా మాత్ర అమ్మినవాణ్ణి అంటున్నాను. అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో ఒక విషం పుడుతుంది, ఆ విషం కరగకుండా ఈ మందు ఆపేస్తుంది. "తాగితే నాకు ఇలా అవుద్ది" అని మనిషికి తెలిస్తేనే అది పనిచేసేది. మాత్ర మానేసిన రెండు వారాల వరకు కూడా ప్రభావం ఉండొచ్చు. కల్లుకీ అంతే, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌కీ అంతే. చెప్పకుండా ఎవరికీ పెట్టకండి.

ఇక చీపురుపల్లి తమ్ముడూ, అందరూ మూడు నెలలు, మూడేళ్ళు అంటున్నారు. నాకు భయం మొదటి నాలుగు రోజులే. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులు ఏరుతుంటారు. ఊళ్ళో దయ్యం పట్టిందంటారు. అది ప్రాణం తీస్తుంది. దానికి ప్రైవేటు హాలూ పనికిరాదు, ఇల్లూ పనికిరాదు, వార్డు కావాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ ఎక్కించేస్తారు కొందరు. ముందు బీ1 విటమిన్ ఇంజక్షన్ పడకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి ప్రమాదం.

రెండు ప్రశ్నలు. పొద్దున మొదటి గుక్క ఎన్నింటికి? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?

ఉద్దానం కుర్రోడు:
మా వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. తాగాలనే యావ తగ్గించడానికి అకాంప్రొసేట్ అని రాస్తారు. అది కిడ్నీల్లోంచే బయటికి పోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఇవ్వకూడదు. మన దగ్గర కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే కదా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకునే ఓపీకి వెళ్ళండి.

చీపురుపల్లి తమ్ముడు:
సిస్టర్ గారూ, మొదటి గుక్క అయిదున్నరకి. ఫిట్స్ లేవనే చెప్పాం. కానీ మీ మెసేజ్ అక్కకి చదివి వినిపిస్తే మొహం మారిపోయింది. సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు, నాన్న ముందు బాగోదని రెండు రోజులు తాగలేదట. కనుమ నాడు పెరట్లో పడి కొట్టుకున్నాడు, నురగ కూడా వచ్చింది. ఉపవాసం నీరసం అనుకున్నాం. డాక్టరుకి చెప్పనే లేదు.

బొబ్బిలి సిస్టర్:
అయ్యో. రేపు పొద్దున్నే వెళ్ళి ముందు ఇదే చెప్పండి. గురువారం దాకా ఆగొద్దు. ఈ రాత్రి మావయ్య గారి మాట విని సీసా లాక్కుని గదిలో పెట్టి తాళం వెయ్యకండి. మధ్యలో మతి తప్పినా, మూర్ఛ వచ్చినా వెంటనే 108.

చీపురుపల్లి తమ్ముడు:
వెళ్ళొచ్చాం. డాక్టరు గారు "ఈ ముక్క సోమవారమే చెప్పాలి కదమ్మా" అని అక్కని కసిరి, అప్పటికప్పుడే వార్డులో చేర్చారు. వారం పది రోజులు ఉంచి, తర్వాత ఇదే ఓపీకి రమ్మంటారట. నిన్న రాత్రి బావ నన్ను గుర్తుపట్టలేదు, ఇవాళ ఇడ్లీ అడిగాడు.

నెల్లిమర్ల:
చూశారా, చివరికి అడ్మిషనేగా!

ఆరేళ్ళుగా చుక్క లేదు:
ఆసుపత్రిలో, అన్నా. తొంభై రోజులు కాదు, తాళమూ లేదు. మీ తమ్ముణ్ణి కూడా నాలుగోసారి తీసుకురండి, కాంప్లెక్స్‌లో టీ నేను తాగిస్తాను.

నెల్లిమర్ల:
చూద్దాం.

చీపురుపల్లి తమ్ముడు:
ఆరేళ్ళ అన్నా, మీరు చీటీ వెనక గీసిన బొమ్మ ఇంకా ఉందా అని అక్క అడుగుతోంది. బావ చేత కూడా గీయిస్తుందట.

ఆరేళ్ళుగా చుక్క లేదు:
ఉంది, బీరువాలో. కాకపోతే పాతబడిపోయింది తమ్ముడూ. ఆ మూడు షాపుల్లో ఒకటి తీసేశారు. చెరువు గట్టు మీద కొత్తది పెట్టారు.