ప్రైజ్, అవార్డ్, రివార్డ్: ఏది ఎక్కడ? (వాల్యూలెస్ అని రాసి నవ్వులపాలయ్యాను)

ప్రశ్న

అందరికీ నమస్కారం. ముందు నా అవమానం చెప్పుకుని తర్వాత ప్రశ్నలోకి వస్తాను.

మా టీమ్‌లో ఒక పెద్దాయన రిటైర్ అవుతుంటే, ఆయనకిచ్చే ఇంగ్లీషు అభినందన పత్రం రాసే పని నా మీద పడింది. "మీ అమూల్యమైన సలహాలు" అని రాయాలి. ప్రైస్‌లెస్ అంటే వెలకట్టలేనిది కదా, వాల్యూలెస్ అన్నా విలువ కట్టలేనిదే అయ్యుంటుందని "యువర్ వాల్యూలెస్ అడ్వైస్" అని రాసేశాను. ఫ్రేమ్ కట్టించేదాకా ఎవరూ చూడలేదు. ఆయన చదివి, కళ్ళజోడు సర్దుకుని, "ఇన్నేళ్ళుగా నాకూ అదే అనుమానం" అన్నారు. అందరూ నవ్వారు, నేను తప్ప. వాల్యూలెస్ అంటే విలువే లేనిదట.

అదే పత్రంలో పైన "దిస్ రివార్డ్ ఈజ్ ప్రెజెంటెడ్ టు..." అని కూడా ఉంది. అక్కడ అవార్డ్ అనాలట. పలకడంలో ఆ కాస్త ముక్కేగా తేడా! నా దగ్గరున్న నిఘంటువు తీస్తే ప్రైజ్, అవార్డ్, రివార్డ్ మూడింటికీ బహుమతి, బహుమానం, పురస్కారం అని అవే మాటలు అటూ ఇటూ తిప్పి ఇచ్చారు. వీటిని విడదీసి ఎలా గుర్తుపెట్టుకోవాలి? ప్రైస్‌లెస్ పైకెళ్ళి, వాల్యూలెస్ కిందకి ఎందుకు పోయింది? గ్రామర్ పేర్లు చెప్పకుండా చెప్తే పుణ్యముంటుంది.

జవాబు 1

చాలా సింపుల్ అండీ. పోటీలో గెలిస్తే ప్రైజ్. పెద్దలు కూర్చుని నిర్ణయించి ఇస్తే అవార్డ్. మంచి పని చేసినందుకు ప్రతిఫలంగా ఇస్తే రివార్డ్. ఇంతకుమించి టెన్షన్ అక్కర్లేదు.

జవాబు 2

పై జవాబు పరీక్షకి సరిపోతుంది. కానీ నోబెల్ ప్రైజ్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఎవరూ పోటీకి దిగరు, పెద్దలే కూర్చుని నిర్ణయిస్తారు. మరి అది అవార్డ్ ఎందుకు కాలేదు?

నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి. ఈ మూడు మాటలతో చాలాకాలం కుస్తీ పట్టాను. నాకు పనికొచ్చిన చిట్కా ఒకటే: ఒక్కో మాట దేనివైపు చూస్తోందో చూడండి. ప్రైజ్ చూపు వస్తువు మీద, అవార్డ్ చూపు నిర్ణయించేవాళ్ళ మీద, రివార్డ్ చూపు చేసిన పని మీద.

అవార్డ్‌తో మొదలుపెడతాను. కోర్టు నష్టపరిహారం ఇప్పిస్తే ఇంగ్లీషులో అవార్డ్ చేసిందనే అంటారు. ఇద్దరి తగవుకి మధ్యవర్తి ఇచ్చే తీర్పు పేరూ అవార్డే. టెండర్ ఎవరికి దక్కిందో చెప్పేటప్పుడు కాంట్రాక్ట్ అవార్డ్ అయిందంటాం. వీటిలో కప్పులూ చప్పట్లూ లేవు. ఎవరో పరిశీలించి "ఇది వీళ్ళకి చెందాలి" అన్నారు, అంతే. అందుకే లాటరీలో తగిలిన డబ్బు అవార్డ్ కాలేదు. చీటీకి పరిశీలన ఎక్కడిది? అది ప్రైజే.

రివార్డ్‌కి జడ్జి అక్కర్లేదు. పోయిన పర్సు తెచ్చిచ్చినవాళ్ళకి ఇచ్చేది రివార్డ్. చెప్పినట్టు కూర్చున్న కుక్కపిల్లకి వేసే బిస్కెట్ ముక్క రివార్డ్. కార్డు గీకితే వచ్చే పాయింట్లు కూడా రివార్డే, ఎందుకంటే ఖర్చుపెట్టిన ప్రతివాడికీ వస్తాయి. చేతికి ఏమీ రాకపోయినా రివార్డ్ ఉండొచ్చు. "టీచింగ్ ఈజ్ రివార్డింగ్" అన్నవాళ్ళు జీతం గురించి మాట్లాడటం లేదు (సాధారణంగా ఆ జీతం తక్కువగా ఉన్నప్పుడే ఆ మాట అంటారు, అది వేరే సంగతి). మనకున్న "ఫలితం దక్కింది" అనే మాటకి ఇది దగ్గర. మీ పత్రంలో రివార్డ్ ఎందుకు కుదరలేదంటే, ఆయన సర్వీసు మొత్తానికి మీరు కూలి లెక్కకట్టి చేతిలో పెట్టినట్టయింది.

మీకు అవార్డ్, రివార్డ్ ఒకేలా వినిపించడం మాత్రం తప్పు కాదు. పాత ఫ్రెంచ్‌లో అవి నిజంగా దాయాదులే. కాపలా, చూపు అనే అర్థమున్న ఒకే మూలం నుంచి రెండూ వచ్చాయి. ఫ్రాన్స్ ఉత్తరాన "వ" పలికినచోట మిగతావాళ్ళు "గ" పలికేవారు. వారంటీ, గ్యారంటీ ఒకే మాటకి రెండు రూపాలైంది అలాగే. ఆ లెక్కన రివార్డ్ అంటే రిగార్డే: పట్టించుకోవడం, గుర్తించడం. అవార్డ్ అంటే బాగా చూసి నిర్ణయించడం.

ఇక నోబెల్. ఆ ప్రైజ్‌కి మూలమైన నోబెల్ గారి వీలునామా, 1895లో రాసింది, స్వీడిష్‌లో ఉంది. స్వీడిష్‌లో ప్రీస్ అంటే ధర, బహుమతి రెండూ. జర్మన్‌లో ప్రైస్ అన్నా అంతే. ఇంగ్లీషులో కూడా ప్రైస్, ప్రైజ్ ఒక మాటగానే ఉండి తర్వాత విడిపోయాయి. లాటిన్‌లో ప్రెటియం అంటే వెల. పొగడ్త అనే అర్థమున్న ప్రెయిజ్, ప్రెషస్, అప్రిషియేట్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. కాబట్టి ప్రైజ్‌లో పోటీ కన్నా ముందు వెల ఉంది. పోటీ లేకపోయినా, ఇచ్చేదానికి ఒక వెల, ఒక పేరు ఉంటే ప్రైజ్ అనొచ్చు. ఇచ్చే క్రియకి మాత్రం మళ్ళీ అవార్డే కావాలి: నోబెల్ ప్రైజ్ 1901లో మొదటిసారి "అవార్డ్" అయింది. ఆస్కార్ అసలు పేరేమో అకాడమీ అవార్డ్, 1929లో మొదలైంది. ఆ రెండు పేర్లూ తారుమారు చేసి చదివితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతకన్నా పెద్ద తర్కం వెతకొద్దు.

మీ వాల్యూలెస్ సంగతి. తెలుగులో మీరు ఈ తప్పు ఎప్పుడూ చేయరు, గమనించారా? "వెలలేని ముత్యం", "విలువలేని ముత్యం". రెండింట్లోనూ ఏదో లేదనే అన్నాం. మొదటిది పెట్టెలో దాస్తాం, రెండోది పారేస్తాం. వెల బయటివాడు అడిగేది. అడగడానికి అంకె చాలకపోతే వస్తువు పైకి వెళ్తుంది. విలువ వస్తువులోనే ఉండాలి. లోపల లేకపోతే ఇంకేం మిగిలింది? ప్రైస్‌కీ వాల్యూకీ ఉన్న తేడా అచ్చంగా అదే. ఇన్‌వాల్యుబుల్‌లో ఉన్నది విలువ లేకపోవడం కాదు, విలువ కట్టలేకపోవడం. మీకు కావాల్సిన మాట అదీ.

ఒక జాగ్రత్త. ఇన్‌వాల్యుబుల్‌ని సలహాకి, సాయానికి, సమాచారానికి వాడండి. మ్యూజియంలో బొమ్మకి ప్రైస్‌లెస్ నప్పుతుంది. పెద్దాయన పత్రం చదివినప్పటి మీ మొహం కూడా ప్రైస్‌లెస్సే, భలే నవ్వొచ్చేది అనే అర్థంలో కూడా ఇంగ్లీషువాళ్ళు ఆ మాట వాడతారు.

జవాబు 3

బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ప్రైజ్‌డ్ పొసెషన్, ట్రెజర్డ్ పొసెషన్ అచ్చంగా ఒకటి కావు. ప్రైజ్‌డ్ అంటే ఎంతో విలువిచ్చేది. ట్రెజర్డ్ అంటే ప్రేమగా దాచుకునేది. ట్రెజర్, థెసారస్ రెండూ ఒకే గ్రీకు మాట, ఖజానా అని. 1852లో రోజెట్ తన పర్యాయపదాల పుస్తకానికి ఆ పేరు పెట్టుకున్నాడు. ఖజానా తలుపు తీస్తాడు గానీ ఏ నాణెం ఎక్కడ చెల్లుతుందో చెప్పడు, మన ప్రశ్నకర్త గారు ఇరుక్కున్నది అక్కడే.

జవాబు 4

బౌంటీని మర్చిపోయారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మాకు రోజూ పనికొచ్చే మాట. భద్రతా లోపం పట్టిచ్చినవాళ్ళకి కంపెనీలు ఇచ్చే డబ్బు బగ్ బౌంటీ. బ్రౌజర్ తయారుచేసిన నెట్‌స్కేప్ కంపెనీ 1995లోనే ఇలాంటిది పెట్టింది. ఇది ప్రైజ్ కాదు, మొదటివాడొక్కడే గెలిచే పోటీ లేదు. ఏ లోపానికి ఎంతో ముందే ప్రకటిస్తారు, ఎవరు కొత్తది పట్టుకొస్తే వాళ్ళకి. దొంగ తల మీద పెట్టే రొక్కం లాంటిదన్నమాట. తమాషా ఏంటంటే ఆ మాటకి లాటిన్ మూలం మంచితనం.

ఇంకోటి, రివార్డ్‌ని "గెలవరు" అని బళ్ళో చెప్పారు గానీ, మొబైల్ గేమ్స్ అన్నీ ఇప్పుడు "యు హావ్ వన్ ఎ రివార్డ్" అనే అరుస్తున్నాయి. వాడుక మారిపోతోంది.

జవాబు 2 రాసినవారు మళ్ళీ

గేములు అరవనివ్వండి. పత్రంలో మాత్రం రాయొద్దు, స్పామ్ మెయిల్ అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. ఇన్‌వాల్యుబుల్ అని మార్చి కొత్త కాగితం ప్రింట్ తీస్తున్నాను. పైన "అవార్డ్" కూడా తీసేసి "ఇన్ అప్రిసియేషన్ ఆఫ్" అని పెట్టాను, నిర్ణయించడానికి మేమెవరం అనిపించింది. చివరగా ఒక్కటి: పత్రంతో పాటు ఇచ్చే జ్ఞాపిక మొమెంటోనా, మెమెంటోనా?

జవాబు 3

మెమెంటో. మొమెంట్‌తో చుట్టరికం లేదు, లాటిన్‌లో "గుర్తుంచుకో" అని. ఈసారి ఫ్రేమ్ కట్టించేముందు ఇక్కడ ఒకసారి పెట్టండి.