పచ్చిమిర్చి సాస్‌లో కార్న్‌ఫ్లోర్ విరిగిపోతోంది, ఏం చేయాలి?

పచ్చిమిర్చి_కిచెన్:
ఇంట్లోనే పచ్చిమిర్చి, వెల్లుల్లి, వెనిగర్‌తో సాస్ చేసి తెలిసినవాళ్లకి అమ్ముతున్నాను. చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి పోస్తాను. మొదట గరిట తిరగనంత చిక్కగా వస్తుంది, ఇంకో పది నిమిషాలు మరిగితే పల్చబడిపోతుంది. సరే అని ఇంకో రెండు స్పూన్లు వేస్తే, పది రోజులకి సీసాలో పైన వేలెడు నీళ్లు, కింద జున్నులాంటి ముద్ద! మొన్న ఒకావిడ ఫొటో పంపి "పాడైపోయిందండీ" అంది, తల కొట్టేసినట్టయింది. కొన్న సాస్ సీసాల మీద 'ఐఎన్‌ఎస్ 1422' అని చూశాను, అదేనా కిటుకు? కెమికల్ అంటే భయం కూడా ఉంది.

పిండిమర:
అవి రెండు వేర్వేరు సమస్యలండీ. మరిగేకొద్దీ పల్చబడటం వెనిగర్ పని. పిండి రేణువు వేడికి నీళ్లు పీల్చి ఉబ్బితేనే చిక్కదనం, పుల్లటి నీళ్లలో ఇంకా మరిగిస్తే ఆ రేణువులు పగిలి లోపలి పిండి అణువుల గొలుసులు తెగిపోతాయి. నీళ్లు తేలడం మాత్రం అమైలోజ్ అనే ఒక రకం గొలుసుల వల్ల. మొక్కజొన్న పిండిలో అది దాదాపు పావు వంతు ఉంటుంది, చల్లారాక ఆ గొలుసులు మళ్లీ దగ్గరికి చేరి నీళ్లని బయటికి నెట్టేస్తాయి. రాత్రి అన్నం పొద్దుటికి బిరుసెక్కేదీ అందుకే.
ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే నంబరు, 1422 అంటే మార్పు చేసిన (మోడిఫైడ్) పిండి. అందులో గొలుసుల మధ్య అక్కడక్కడా అడిపేట్ అనే రసాయనంతో కుట్లు వేస్తారు, రేణువు తొందరగా పగలదు. పక్కన అసిటైల్ అనే చిన్న రసాయన గుంపులు తగిలిస్తారు, అవి గొలుసుల్ని దగ్గరికి రానివ్వవు. కుట్లు మాత్రం చాలా తక్కువే వేయాలి, ఎక్కువైతే పిండి అసలు ఉబ్బనే ఉబ్బదు. ఆహారంలో అనుమతి ఉన్నదే, లేబుల్ మీద రాయాలంతే.

అట్టపెట్టె_బాబాయ్:
మా యూనిట్‌లో అట్టలు అతికించే గమ్ కూడా ఈ పిండేనమ్మా. కాస్టిక్ సోడా వేస్తే తక్కువ వేడికే ఉడుకుతుంది, బోరాక్స్ వేస్తే జిగురు పట్టు వస్తుంది. దాన్ని మాత్రం నాలుక మీద పెట్టకండి :)

రాగిజావ:
మోడిఫైడ్ అనగానే జీఎం (జన్యుమార్పిడి పంట) అనుకునేవాళ్లు చాలామంది, రెండూ ఒకటి కాదు. కెమికల్ లేకుండా ఎంజైమ్‌తో మార్చే పద్ధతీ ఉంది. మొలకెత్తిన రాగుల పిండితో జావ కాస్తే పల్చగా వస్తుంది చూడండి, మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ గొలుసుల్ని కోసేస్తుంది. ఫ్యాక్టరీల్లో సూక్ష్మజీవుల నుంచి తీసిన అమైలేజ్‌తోనే పిండిని లిక్విడ్ గ్లూకోజ్ చేస్తారు. మన లాలాజలంలోనూ అదే రకం ఎంజైమ్, అందుకే ఎంగిలి స్పూన్ పెట్టిన జావ కాసేపటికి నీరుకారిపోతుంది. కానీ మీకు కావలసింది చిక్కదనం కాబట్టి ఇది పనికిరాదు.

పచ్చిమిర్చి_కిచెన్:
అయ్యో, నేను మొదటి నుంచీ వెనిగర్ పోసే మరిగిస్తున్నాను!

పిండిమర:
ముందు పిండి ఉడికించి, దింపాక వెనిగర్ కలిపి, వేడిగా ఉండగానే సీసాల్లో పోయండి. పల్చబడటం చాలావరకు తగ్గుతుంది. నీళ్లు తేలడం మాత్రం దీనితో పోదు, దానికి అమైలోజ్ దాదాపు లేని వ్యాక్సీ మొక్కజొన్న పిండో, 1422నో వాడాల్సిందే.

పచ్చిమిర్చి_కిచెన్:
రేపు రెండు రకాలుగా చేసి చెరో సీసా పక్కన పెడతాను, పది రోజులకి ఫొటోలు ఇక్కడే పెడతా.