జైలు కథను తెరకెక్కించేటప్పుడు పాత్రలను ఎంతవరకు మార్చవచ్చు?

నమస్కారం. మాది ఒంగోలు. జైలు నేపథ్యంలో నేను రాసిన పెద్దకథను మిత్రులతో కలిసి లఘుచిత్రంగా తీయాలనుకుంటూ, స్టీఫెన్ కింగ్ 1982 నాటి నవలికను, దాని ఆధారంగా 1994లో వచ్చిన 'ది షాషాంక్ రిడెంప్షన్'ను పోల్చి చూశాను. నవలికలో ఒకరి తరువాత ఒకరుగా వచ్చే జైలు అధికారులు సినిమాలో నార్టన్ ఒక్కడిలో కలిసిపోయారు. అక్కడ వేరే జైలుకు బదిలీ అయిపోయే యువ ఖైదీ టామీని ఇక్కడ నార్టన్ కాల్పించి చంపిస్తాడు. పుస్తకంలో కొద్ది మాటలతో ముగిసే ముసలి ఖైదీ బ్రూక్స్ తెర మీద దూలంపై తన పేరు చెక్కి మరీ ఉరి వేసుకుంటాడు (నాకు బాగా నచ్చిన మార్పు ఇదే).

నా కథలోనూ ముగ్గురు జైలర్లున్నారు. ఒకడు లాఠీతో మాట్లాడేవాడు, ఇంకొకడు నవ్వుతూనే ములాఖత్ రద్దు చేసేవాడు, మూడోవాడు ఏదీ పట్టనివాడు. వీరిని ఒక్కరిగా కుదిస్తే ఇరవై ఏళ్లు గడిచాయన్న సంగతి ప్రేక్షకులకు ఎలా తెలియాలి? స్క్రీన్‌ప్లే అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.