1912 నాటి కవచాల పుస్తకాన్ని ఇప్పుడు నమ్మొచ్చా?

కొలిమి_రాత్రి:
యూరప్ మధ్యయుగపు కవచాల తయారీ గురించి ఎవరు అడిగినా ఇక్కడ ఛార్లెస్ ఫోక్స్ 1912లో రాసిన 'ది ఆర్మరర్ అండ్ హిజ్ క్రాఫ్ట్' చదవమంటున్నారు. దయచేసి ఆ సలహా ఆపండి. పాత పుస్తకాలను నమ్మి నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. విక్టోరియా కాలపు పుస్తకం ఒకదానిలో తోలు మీద ఇనుప రింగులు పక్కపక్కన కుట్టిన చొక్కా బొమ్మ ఉంది, నార్మన్ యోధులు అదే తొడిగేవారని రాశారు. అలాగే కుట్టాను. మొన తీసిన కడ్డీతో పొడిస్తే రింగు మధ్యలోంచి సూటిగా తోలులోకి దిగింది. నాలుగుసార్లు తొడిగేసరికి దారాలు తెగి చంక దగ్గర రింగులు రాలిపోయాయి.

పాతపుటలు:
మీరు కుట్టింది ఫోక్స్‌ని చూసి కాదు కదండీ. ఆ గందరగోళం శామ్యూల్ మేరిక్ 1824 పుస్తకం నుంచి వచ్చింది. నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన యుద్ధాన్ని బొమ్మలుగా కుట్టిన పాత గుడ్డ, బేయూ టేపెస్ట్రీలో కవచాన్ని ఒకచోట రింగులుగా, ఇంకోచోట గళ్లుగా చూపించారు. ఆయన ఒక్కో గీతను ఒక్కో రకం కవచం అనుకుని పేర్లు పెట్టారు. అవి చాలావరకు ఒకదానిలో ఒకటి దూర్చిన మామూలు రింగుల కవచాన్నే బొమ్మలో చూపడానికి పడ్డ తిప్పలని తర్వాతివాళ్లు తేల్చారు. ఒకరి తప్పుకి ఇంకొకరి పుస్తకాన్ని తిట్టడం న్యాయం కాదు.

చిన్నోడు_వైజాగ్:
ఆ రింగుల కవచాన్ని చైన్ మెయిల్ అనకూడదంట, ఉట్టి మెయిల్ అనాలంట కదా?

కొలిమి_రాత్రి:
పేరు ఏదైతే ఏంటి తమ్ముడూ, రింగు కొసలు చదును చేసి, బెజ్జం కొట్టి, రివెట్ వేశారా లేదా అన్నది ముఖ్యం. ఒక్కో రింగులో ఇంకో నాలుగు దూరాలి. పాతపుటలు గారూ, అలన్ విలియమ్స్ వందల కవచాల లోహాన్ని పరీక్షించి, ఏది మెత్తటి ఇనుము, ఏది ఉక్కు, దేన్ని కాల్చి ముంచి గట్టిపరిచారు అని 2003లో పుస్తకం వేశాడు. అది ఉండగా 1912ది ఎందుకు?

పాతపుటలు:
దాని ధర చూశారా? ఫోక్స్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, నాలాంటివాళ్లకి అదే దిక్కు. ఒక సెమినార్‌లో నా వ్యాసం చివర 1912 అన్న అంకె చూసి, పేజీ తిప్పకుండానే పక్కన పెట్టేశారు. నేను తీసుకున్నది ఫోక్స్ అభిప్రాయం కాదు. ఇంగ్లండ్‌లోని డోవర్ కోటలో 1344లో రాసిన సామాన్ల జాబితా ఆయన అచ్చువేశారు: సుత్తులు, పటకార్లు, కవచాలు దొర్లించే పీపా. ఆయన ఊహలు పాతబడతాయి గానీ ఆ జాబితా ఎలా పాతబడుతుంది?

లీడ్స్_తెలుగు:
ఇక్కడ లీడ్స్‌లో ఉన్న ఆయుధాల మ్యూజియం రాయల్ ఆర్మరీస్‌కి నెలకోసారి వెళ్తాను. ఛాతీ కవచం బయటివైపు అద్దంలా ఉంటుంది, లోపలివైపు సుత్తి దెబ్బలు అలాగే కనిపిస్తాయి. వస్తువుని చూడకుండా మీరిద్దరూ పుస్తకాల మీద కొట్టుకుంటున్నారు.

కొలిమి_రాత్రి:
నేను చెప్పేదీ అదే! కాగితం మీద ఉంటే చాలు వీళ్లకి. జీవితంలో సుత్తి పట్టనివాళ్లు ఏ పుస్తకం నమ్మాలో నాకు చెప్తారా?

పాతపుటలు:
అంటే చదివేవాళ్లు నోరు మూసుకోవాలా? సెమినార్‌లో వాళ్లు చేసిందీ మీరు చేస్తున్నదీ ఒకటే. వాళ్లు సంవత్సరం చూశారు, మీరు చేతులు చూస్తున్నారు. రాసిన మాట దేని మీద ఆధారపడిందో ఇద్దరూ చూడరు.

కొలిమి_రాత్రి:
కోపంలో అన్నాను, క్షమించండి. మా తాత కమ్మరి. నాగలి కర్రు రంగు చూసి ఎప్పుడు నీళ్లలో ముంచాలో చెప్పేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, పనిముట్ల మీద పుస్తకం రాయడానికి మా ఊరొచ్చినాయన కూడా అడగలేదు. పుస్తకం పేరెత్తితే నాకు మండేది అందుకే.

పాతపుటలు:
అయితే నేను అడుగుతున్నాను. పీపాలో ఇసుక వేసి దొర్లించి తుప్పు వదిలించేవారని చదివాను. నిజంగా వదులుతుందా?

కొలిమి_రాత్రి:
ఈరోజు చేసి చూశాను. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో జల్లెడ పట్టిన ఇసుక, తుప్పు పట్టిన జానెడు రింగుల కవచం ముక్క వేసి పెరట్లో నలభై నిమిషాలు దొర్లించాను. బ్రష్ దూరని సందుల్లో కూడా తెల్లగా తేలింది. రింగులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి కదా, సగం పని అవే చేసుకుంటాయి. ఆ జాబితా ఎన్నో పేజీలో ఉందో పెట్టండి సార్, మిగతా సామాన్లు కూడా చూస్తాను.

పాతపుటలు:
రాత్రికి పెడతాను. మీ తోలు చొక్కా ఫోటో కూడా పంపండి, చంక దగ్గర తెగిన చోటు కనపడేలా. వ్యాసంలో మీ పేరుతో వేస్తాను.