బోరు మోటారు కండెన్సర్ పేలింది, ఏ రకం ఎక్కడ వేయాలి?

పొలంగట్టు: మాది 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్. రన్ కండెన్సర్ పోయిందని మెకానిక్ కొత్తది వేశాడు. కాసేపు నడిచి ఉబ్బి పేలిపోయింది, బాక్సంతా ఘాటు వాసన. పాతదాని మీద 36 మైక్రోఫారడ్ (కండెన్సర్ సామర్థ్యపు కొలత), 440 వోల్టులు అని ఉంది. కొత్తదాని మీద 100-120, 275 వోల్టులు. కారణం ఇదేనా?

రిపేర్‌బల్ల: ఇదే అండీ. ఆయన వేసింది స్టార్టింగ్ కండెన్సర్. అది ఎలక్ట్రోలిటిక్ రకం, మోటారు అందుకునే ఆ కొన్ని సెకన్లకే పనికొస్తుంది. నడిచినంతసేపూ లైనులో ఉంటే లోపలి ద్రవం వేడెక్కి ఆవిరై డబ్బా పగులుతుంది. రన్ కండెన్సర్‌లో ఉండేది లోహపు పూత పూసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్. గంటల తరబడి ఏసీని తట్టుకుంటుంది. సప్లై 230 అయినా స్టార్టింగ్ వైండింగ్ వల్ల కండెన్సర్ మీద అంతకంటే ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. అందుకే 440 తీసిన చోట 440 వేయాల్సిందే.

మేడమీదగది: మా సీలింగ్ ఫ్యాన్ ఫుల్ మీద పెట్టినా మెల్లగా తిరుగుతోంది. అదీ కండెన్సరేనా?

రిపేర్‌బల్ల: చాలావరకు అదే. అందులోనూ ఫిల్మ్ రకమే. ఫిల్మ్‌కి చిల్లు పడ్డప్పుడల్లా ఆ చుట్టూ ఉన్న పూత ఆవిరై షార్ట్ కాకుండా ఆగుతుంది, కానీ విలువ కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది. మీటర్ పెట్టి చూడండి. 2.5 మైక్రోఫారడ్ ఉన్నచోట 2.5 వేయండి. స్పీడ్ కోసం పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కుతుంది.

సోల్డర్‌పొగ: ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల సంగతి వేరు. అడాప్టర్లలో తల ఉబ్బిన ఎలక్ట్రోలిటిక్ కనిపిస్తే 105 డిగ్రీలది, ఈఎస్ఆర్ (కండెన్సర్ లోపలి నిరోధం) తక్కువున్నది వేయండి. వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ప్లస్, మైనస్ తిరగబడకూడదు. ఐసీ పక్కన 104 అని ఉండే చిన్న సిరామిక్, అంటే 0.1 మైక్రోఫారడ్, ఎంతో ముఖ్యం. ఐసీ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ఎలక్ట్రోలిటిక్ అంత వేగంగా ఇవ్వలేదు. ఇక ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎక్స్2 గుర్తున్నది (నేరుగా మెయిన్ లైనులో పెట్టడానికే చేసిన రకం) తప్ప మామూలు కండెన్సర్ పెట్టొద్దు. అది షార్టయితే మంటలు రావచ్చు.

పొలంగట్టు: 36, 440ది తెచ్చి వేయించాను, మోటారు బాగా నడుస్తోంది. ఇకముందు బాక్స్ తెరిస్తే షాక్ కొడుతుందా?

రిపేర్‌బల్ల: మెయిన్ తీసినా కండెన్సర్‌లో చార్జ్ ఉండొచ్చు. 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లను రెండు టెర్మినళ్లకు కొన్ని సెకన్లు తాకించండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. తర్వాత మీటర్‌తో వోల్టేజ్ సున్నా అయిందో లేదో చూసుకునే చెయ్యి పెట్టండి.