అప్‌డేట్: ఐటీఐ థియరీ క్లాసులో నిద్రపోయే పిల్లల గురించి అడిగాను కదా

మూడు నెలల కిందట అడిగాను: ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో మధ్యాహ్నం థియరీ మొదలెడితే సగం మంది తలలు బల్ల మీదే, ఏం చేయాలని. "బోర్డు వదిలేసి ప్యానెల్ (స్టార్టర్ వైరింగ్ ఉండే బోర్డు) దగ్గరికి తీసుకెళ్లండి" అన్నవాళ్లకి దండాలు.

ఇప్పుడు స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారుని ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలెట్టి, వేగం అందుకున్నాక డెల్టా కనెక్షన్‌కి మార్చేది) పాఠం ఇలా మొదలవుతోంది. సప్లై తీసేసి, నేనే ఒక వైరు ఊడదీసి పెడతా. మోటారు ఏం చేస్తుందో ముందు ఎవరికి వాళ్లు కాగితం మీద రాయాలి, తర్వాత పక్కవాడితో వాదించుకోవాలి, ఆఖర్న మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (వైరు దారి తెగకుండా ఉందో లేదో) చూసి తేల్చాలి. మొన్న స్టార్ నుంచి డెల్టాకి మార్చే టైమర్ కాయిల్ వైరు తీశా. "స్టార్‌లోనే ఉండిపోతుంది సార్" అన్నది ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు! డైరెక్టుగా డెల్టాలో వేసినదానికంటే స్టార్‌లో స్టార్టింగ్ లైన్ కరెంటు మూడో వంతే ఎందుకని వాళ్లే అడిగారు. అప్పుడు బోర్డు దగ్గరికెళ్తే ఒక్కడూ కునుకు తీయలేదు.

అన్నీ కుదరలేదు లెండి. గ్రూపుకి ఐదుగురైతే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. అందుకే ముగ్గురికి తగ్గించా. సిలబస్ రెండు వారాలు వెనకబడింది, ప్రిన్సిపాల్‌గారు రోజూ అడుగుతున్నారు. క్లాసులో ఫోన్లు చూసే గొడవ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.