చిన్న కళాశాలలో చేరేముందు ఏం చూశారు, చేరాక ఏం చేశారు?

రసాయనాభిలాషి:

అందరికీ నమస్కారం. రసాయన శాస్త్రంలో డిగ్రీ చేయడానికి నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి 30 వేల మందికి పైగా చదివే పెద్ద విశ్వవిద్యాలయం. రెండోది అన్ని శాఖలూ కలిపి 1,200 మంది ఉన్న చిన్న కళాశాల, అందులో రసాయన శాస్త్రానికి ఉన్న శాశ్వత అధ్యాపకులు నలుగురే. రెండూ చూసి వచ్చాక నా మనసు చిన్నదాని వైపే మొగ్గింది, ఎందుకంటే అక్కడ నేను కూర్చుని విన్న తరగతిలో 14 మందే ఉన్నారు, పాఠం చెప్పిన మేడం ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగారు. అయితే ఆ ఒక్క గంటను నమ్ముకుని నాలుగేళ్ల నిర్ణయం తీసుకోవచ్చునా అన్న భయం నన్ను వదలడం లేదు. పేరున్న పెద్ద చోటు ఉండగా ఇదెందుకని ఇంట్లో అడుగుతున్నారు, వారికి చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు. చిన్న కళాశాలల్లో చదివినవారు, పాఠాలు చెప్పినవారు, చేరి మధ్యలో బయటికి వచ్చినవారు కూడా మీ అనుభవాలను రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత విద్యార్థి:

మీరు చెప్పినంత పరిమాణమే ఉన్న కళాశాలలో చదివి, డిగ్రీ ముగించి తొమ్మిదేళ్లయింది. నేను చేరేముందు చూడనిది, మీరు తప్పక చూడవలసినది ఒకటుంది. కళాశాల పరిచయ పుస్తకంలో కోర్సుల జాబితా ఎంతో పొడవుగా ఉంటుంది, కాని ఆ జాబితాలో ఉన్నవన్నీ ఏటా చెప్పరు. నలుగురు అధ్యాపకులు మొదటి సంవత్సరం పాఠాలు, ప్రయోగశాల తరగతులు, ఇతర శాఖల వారికి చెప్పవలసిన ప్రాథమిక కోర్సులు పంచుకోగా మిగిలిన సమయంలోనే పై స్థాయి కోర్సులు నడపాలి కాబట్టి, అవి చాలావరకు రెండేళ్లకొకసారి మాత్రమే వస్తాయి. అందుకని పరిచయ పుస్తకాన్ని పక్కన పెట్టి, గడిచిన నాలుగు సెమిస్టర్లలో నిజంగా నడిచిన తరగతుల టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకోండి. మీకు కావలసిన కోర్సు అందులో ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టండి.

ఇది తెలియక నేను నష్టపోయాను. భౌతిక రసాయన శాస్త్రం చెప్పే ఆయన నా మూడో సంవత్సరంలో పరిశోధన సెలవు మీద వెళ్లారు. నలుగురిలో ఒకరు లేకపోతే శాఖలో పావు వంతు లేనట్టే. ఆ కోర్సు నాకు చివరి సంవత్సరంలో గాని దొరకలేదు, దాని మీద ఆధారపడిన మరొకటి అసలు దొరకలేదు. వచ్చే రెండు మూడేళ్లలో ఎవరు సెలవుకు వెళ్తున్నారు, ఎవరు పదవీ విరమణ చేస్తున్నారు, ఆ స్థానాలను భర్తీ చేస్తారా అని శాఖాధిపతినే అడగవచ్చు. అది మర్యాద తక్కువ ప్రశ్న కాదు.

ఇరవై ఏళ్ల అధ్యాపకుడు:

పాత విద్యార్థి గారు రాసినది అక్షరాలా నిజం. చిన్న కళాశాలలో రెండు దశాబ్దాలుగా రసాయన శాస్త్రం చెబుతున్నవాడిగా రెండో వైపు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా దగ్గర పీహెచ్‌డీ విద్యార్థులు లేరు. అందువల్ల నా పరిశోధన ఏదైనా ముందుకు సాగాలంటే డిగ్రీ విద్యార్థుల చేతులతోనే సాగాలి. పెద్ద చోట రెండో సంవత్సరం విద్యార్థి ఒక పరిశోధక విద్యార్థి పక్కన నిలబడి చూసే పనిని మా దగ్గర తానే చేస్తుంది, పాడు చేస్తుంది, మళ్లీ చేస్తుంది. ఇలాంటి చోట్ల నుంచి వచ్చినవారు సైన్సులో ఎంత దూరం వెళ్లగలరని మీ ఇంట్లో అడిగితే రెండు పేర్లు చెప్పండి. ఆర్‌ఎన్‌ఏ తనంతట తాను ఉత్ప్రేరకంగా పనిచేయగలదని కనుగొన్నందుకు 1989లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న థామస్ చెక్, అమెరికాలోని గ్రినెల్ అనే చిన్న కళాశాలలో డిగ్రీ చదివారు. జన్యు సవరణ పద్ధతికి 2020లో అదే బహుమతిని పంచుకున్న జెన్నిఫర్ డౌడ్నా పొమోనా అనే మరో చిన్న కళాశాలలో చదివారు, పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం చెక్ ప్రయోగశాలలోనే పనిచేశారు. ఇద్దరు గొప్పవారిని చూపించి అందరికీ అదే జరుగుతుందని నేననడం లేదు. చిన్న కళాశాల పునాది ఎంత ఎత్తు కట్టడానికైనా సరిపోగలదని మాత్రమే అంటున్నాను.

అయితే నన్ను ఏటా బాధపెట్టే విషయం ఇది: ఆ పునాది మీద తమకు హక్కు ఉందని చాలామంది విద్యార్థులకు తెలియదు. విద్యార్థులు వచ్చి మాట్లాడడానికని వారానికి నాలుగు గంటలు నా గది తలుపు తెరిచి కూర్చుంటాను, పరీక్షల ముందు వారం తప్ప ఆ గంటల్లో ఎక్కువ భాగం నేనొక్కడినే ఉంటాను. చిన్న తరగతి గదిలో కూర్చున్నంత మాత్రాన అధ్యాపకుడితో పరిచయం ఏర్పడదు. మొదటి నెలలోనే రండి. గొప్ప ప్రశ్న తెచ్చుకోనక్కరలేదు, పాఠంలో ఎక్కడ దారి తప్పారో చూపిస్తే చాలు. రెండో సెమిస్టరుకల్లా ప్రయోగశాలలో ఏదైనా పని ఉందా అని అడగండి. మొదట్లో గాజు సామాను కడగడం, ద్రావణాలు తయారు చేయడం, నోటు పుస్తకంలో తేదీ వేసి రాయడం వంటి పనులే దొరుకుతాయి. వాటిని శ్రద్ధగా చేసినవారికే తర్వాతి పని అప్పగిస్తాను.

ఇంకొకటి. పై చదువుకు సిఫారసు లేఖ రాసేటప్పుడు "తెలివైన విద్యార్థిని, మంచి మార్కులు" అన్నంత మటుకే రాయగలిగితే ఆ లేఖకు బరువుండదు. ఆమె ఒక ప్రయోగం మూడుసార్లు విఫలమయ్యాక లోపం ద్రావణిలో ఉన్న తేమదని ఎలా పట్టుకున్నదో రాయగలిగితే ఉంటుంది. అది రాయాలంటే నేను దగ్గరుండి చూసి ఉండాలి, మీరు నాకు చూసే అవకాశం ఇచ్చి ఉండాలి.

మధ్యలో మారినవాడు:

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే, నా అనుభవం వేరని చెప్పాలి. నేను చిన్న కళాశాలలో రెండేళ్లు చదివి పెద్ద విశ్వవిద్యాలయానికి మారాను. జీవశాస్త్రం కోసం చేరి, రెండో సంవత్సరంలో నాకు నిజంగా ఇష్టమైనది గణాంక శాస్త్రమని తెలుసుకున్నాను. మా కళాశాలలో దానికి శాఖ లేదు, గణిత శాఖలో చెప్పే రెండు కోర్సులతో సరి. పదిహేడేళ్లకు అనుకున్నది ఇరవై ఏళ్లకు మారడం సహజం కనుక, రసాయనాభిలాషి గారూ, మీ మొదటి ఇష్టమే కాక రెండో ఇష్టం, మూడో ఇష్టం కూడా అక్కడ సాగుతుందేమో చూసుకోండి.

మరొక విషయం రాయడానికి సంకోచిస్తున్నాను గాని రాయకపోతే తప్పవుతుంది. శాఖలో ముగ్గురే అధ్యాపకులుండగా అందులో ఒకరితో నాకు పొసగలేదు. మార్కుల విషయంలో నేను అడిగిన ఒక ప్రశ్న ఆయనకు నచ్చలేదు, ఆ తర్వాత నాకు తప్పనిసరి అయిన రెండు కోర్సులు ఆయనే చెప్పారు. పెద్ద చోట అయితే అదే కోర్సును మరొకరి దగ్గర తీసుకుని ఉండేవాడిని. అందరూ అందరికీ తెలిసిన చోట మాట త్వరగా పాకుతుంది. దగ్గరితనం మేలు చేసినప్పుడు ఎంత మేలు చేస్తుందో, చెడినప్పుడు తప్పించుకోవడానికి అంతగా చోటు ఉండదు.

ఇరవై ఏళ్ల అధ్యాపకుడు:

మీకు జరిగినది అన్యాయం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. చేరేవారు ముందే అడిగి తెలుసుకోవలసినవి ఇందులో రెండున్నాయి. మార్కుల మీద అభ్యంతరాన్ని ఆ అధ్యాపకుడు కాక వేరొకరు వినే ఏర్పాటు రాతపూర్వకంగా ఉందా? తప్పనిసరి కోర్సును బయటి సంస్థలో పూర్తి చేస్తే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా? రెండింటికీ స్పష్టమైన జవాబు రాని చోట జాగ్రత్తపడాలి.

లెక్కలు చూసేవాడు:

చదువు గురించి అందరూ రాశారు, కళాశాల ఆర్థిక స్థితి గురించి నేను రాస్తాను. చిన్న సంస్థ ఎక్కువగా ఫీజుల మీదే నడుస్తుంటే, వరుసగా రెండేళ్లు చేరికలు తగ్గినా తట్టుకోవడం కష్టం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో స్వీట్ బ్రయర్ అనే మహిళా కళాశాలను ఆ వేసవిలో మూసివేస్తామని 2015 మార్చిలో యాజమాన్యం ప్రకటించింది. పూర్వ విద్యార్థినులు న్యాయస్థానానికి వెళ్లి, విరాళాలు పోగుచేసి, కొన్ని నెలల్లోనే దాన్ని నిలబెట్టుకున్నారు, అది ఇప్పటికీ నడుస్తోంది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. మసాచుసెట్స్‌లోని మౌంట్ ఐడా కళాశాల 2018 ఏప్రిల్‌లో ప్రకటన చేసి, ఆ విద్యా సంవత్సరంతోనే మూతపడింది. పై ఏడాదికి ఎక్కడ చేరాలో వెతుక్కోవడానికి విద్యార్థులకు వారాల వ్యవధే మిగిలింది.

కాబట్టి గత ఐదేళ్ల చేరికల సంఖ్య చూడండి, ఒక్క ఏడాది కాక వరుస చూడండి. ఈ మధ్య ఏ శాఖలు మూశారో, ఎంతమంది అధ్యాపకులు వెళ్లిపోయాక భర్తీ కాలేదో అడగండి. గుర్తింపు సంస్థ ఏవైనా షరతులు పెట్టిందేమో ఆ సంస్థ దగ్గరే సరిచూసుకోండి. అమెరికాలోనైతే లాభాపేక్ష లేని సంస్థలు పన్ను శాఖకు ఏటా ఇచ్చే ఫారం 990 అనే పత్రం ఎవరైనా చూడవచ్చు, అందులో ఆదాయం, ఖర్చు, నిల్వ ధనం అన్నీ ఉంటాయి. మూడేళ్ల పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

నెమ్మదస్తురాలు:

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. చిన్న కళాశాలలో ఒంటరితనం ఉండదని చెప్పి నన్ను చేర్పించారు, మొదటి సెమిస్టరంతా ఒంటరిగానే గడిచింది. వందమంది ఉన్న హాలులో ఒంటరిగా కూర్చుంటే ఎవరికీ కనపడం, పదిహేను మందిలో కూర్చుంటే అందరికీ కనపడతాం, అది మరింత కష్టంగా ఉండేది. ఆ పరిస్థితి మారింది ఒక చిన్న పనితో. గ్రంథాలయంలో ప్రతి బుధవారం సాయంత్రం కర్బన రసాయన శాస్త్రం లెక్కలు చేసుకుంటాను, రాదలచినవారు రావచ్చునని నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించాను. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం ఇద్దరు వచ్చారు. ఏడాది చివరికి ఏడుగురమయ్యాం. అంత చిన్న చోట ఎవరు ఏది మొదలుపెట్టినా అడ్డు చెప్పేవారు తక్కువ, అప్పటికే ఆ పని చేస్తున్న సంఘం ఉండదు కాబట్టి మనకు స్థలం దొరుకుతుంది.

పరికరాల కొరత గురించి కూడా ఒక మాట. మా కళాశాలలో లేని యంత్రాల మీద నేను వేసవి సెలవుల్లో పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లి పని నేర్చుకున్నాను. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థుల కోసం నడిచే వేసవి పరిశోధన కార్యక్రమం ఇలాంటివారికి ఎంతో ఉపయోగం, కాని ఆ నిధులు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తాయి, విదేశీ విద్యార్థులు వేరే దారి చూసుకోవాలి. దరఖాస్తుల గడువు సాధారణంగా చలికాలంలోనే ముగుస్తుంది, వేసవి దగ్గర పడ్డాక వెతికితే దొరకదు.

కొన్ని చిన్న కళాశాలలు పక్క సంస్థలతో కలిసి పనిచేస్తాయి. డౌడ్నా గారు చదివిన పొమోనా అలాంటిదే, క్లేర్‌మాంట్‌లో పక్కపక్కనే ఉన్న ఐదు డిగ్రీ కళాశాలల విద్యార్థులు ఒకరి దగ్గర ఒకరు కోర్సులు తీసుకోవచ్చు. మీ కళాశాలకు అలాంటి ఒప్పందం ఉందంటే అది కాగితం మీదేనా, నిరుడు ఎంతమంది వాడుకున్నారు, రెండు చోట్ల తరగతుల సమయాలు కుదురుతాయా అని అడగండి. మధ్యలో గంట ప్రయాణం ఉంటే ఆ ఒప్పందం ఉన్నా లేనట్టే.

రసాయనాభిలాషి:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ ఒక చోట రాసుకుని చిన్న కళాశాల శాఖాధిపతికి పంపాను. రెండో రోజునే ఆవిడే స్వయంగా జవాబిచ్చారు. నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుల్, ప్రయోగశాలలోని పరికరాల జాబితా, వాటిలో ఏవి విద్యార్థులు తమంతట తాము వాడతారో గుర్తు పెట్టి మరీ పంపారు. ఒకరు వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తున్నారని, ఆ స్థానానికి ప్రకటన ఇచ్చినా నియామకం ఇంకా పూర్తి కాలేదని దాచకుండా రాశారు. నన్ను ఎక్కువగా ఒప్పించినది ఆ వాక్యమే. చేరికల సంఖ్య ఐదేళ్లుగా పెద్దగా మారలేదు. గణాంక శాస్త్రానికి అక్కడ కూడా రెండు కోర్సులే ఉన్నాయి, ఆ లోటు గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆవిడ పరిచయం చేసిన మూడో సంవత్సరం విద్యార్థినితో నిన్న గంటసేపు మాట్లాడాను. భౌతిక రసాయన శాస్త్రం రెండేళ్లకొకసారే వస్తుందట, దానికి ముందు రెండు గణిత కోర్సులు పూర్తయి ఉండాలట, అందుకని మొదటి సెమిస్టరులోనే గణితం మొదలుపెట్టకపోతే నాలుగో సంవత్సరం దాకా ఆగవలసి వస్తుందని హెచ్చరించింది. ఎనిమిది సెమిస్టర్లకూ ఒక పట్టిక గీసుకుని కూర్చున్నాను. పాత విద్యార్థి గారూ, అధ్యాపకులు గారూ, పూర్తయ్యాక ఇక్కడ పెడతాను, ఒకసారి చూసి ఎక్కడ ఇరుక్కుంటానో చెప్పగలరా?

పాత విద్యార్థి:

తప్పకుండా పెట్టండి. పదవీ విరమణ చేస్తున్నవారు ఏ కోర్సులు చెబుతారో కూడా ఆ పట్టికలో గుర్తు పెట్టండి, ముందుగా ఆ గడులే చూద్దాం.